విడాకుల లాయరు దగ్గరకు ఏ కాగితాలతో వెళ్లాలి?

హైదరాబాద్‌లో శ్రీనగర్ కాలనీ, ఫిల్మ్‌నగర్ వైపు సినిమా పనిచేసుకునే ఇళ్లలో విడాకుల మాట వస్తే చిక్కంతా ఆదాయం లెక్క దగ్గరే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి పే స్లిప్ ఉంటుంది. ఎడిటర్‌కో, కెమెరా అసిస్టెంట్‌కో ఉండదు. ఒక సినిమాకి అడ్వాన్సు, ఇంకోదానికి రోజు బేటా, మరోదానికి విడుదలయ్యాక ఇస్తామన్న మాట. అందుకే లాయరును కలిసేముందు ఇంట్లో కూర్చుని కాస్త పని చేసుకోవాలి.

మొదట ఒక తెల్లకాగితం మీద తేదీలు వేసుకోండి: పెళ్లి ఎప్పుడు, ఎక్కడ; చివరిగా ఏ ఇంట్లో కలిసి ఉన్నారు; ఏ రోజు నుంచి వేరుగా ఉంటున్నారు; పోలీసు ఫిర్యాదులు, ఆసుపత్రి చికిత్సలు ఏమైనా ఉంటే ఎప్పుడు. హిందూ వివాహ చట్టం, 1955 కింద కేసు నిలిచేది చాలావరకు ఈ తేదీల మీదే. పరస్పర అంగీకారంతో విడిపోవాలంటే కనీసం ఏడాది వేరుగా ఉండాలి. వదిలేసి వెళ్లారన్న కారణం చూపాలంటే రెండేళ్లు గడవాలి. పెళ్లయిన ఏడాదిలోపు పిటిషన్‌ను కోర్టు మామూలుగా తీసుకోదు. ఏ ఊళ్లో వెయ్యాలన్నదీ ఈ కాగితమే చెబుతుంది. పెళ్లి జరిగిన చోట గానీ, చివరిగా కాపురమున్న చోట గానీ, ఎదుటి పక్షం ఉంటున్న చోట గానీ వెయ్యొచ్చు. 2003 సవరణ తర్వాత భార్య తాను ఉంటున్న ఊళ్లోనూ వెయ్యొచ్చు. వేరే వివాహ చట్టాల వాళ్లకు గడువులు మారతాయి గానీ, తీసుకెళ్లాల్సిన కాగితాలు దాదాపు ఇవే.

పెళ్లికి రుజువుగా మ్యారేజ్ సర్టిఫికెట్, శుభలేఖ, ఫొటోలు పెట్టుకోండి. రిజిస్టర్ చేయించనంత మాత్రాన హిందూ వివాహం చెల్లకుండా పోదు. ఇద్దరి ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు, స్కూలు ఫీజు రసీదులు కూడా జత చేయండి.

ఇక డబ్బు. రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పి తీరాలి. అబద్ధం చెబితే చర్యలుంటాయి. కాబట్టి మీ మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, టీడీఎస్ వివరాలు, సినిమా ఒప్పందాలు, నెల ఖర్చుల పట్టిక సిద్ధం చేసుకోండి. చేతికిచ్చిన డబ్బుకు రసీదు లేకపోతే, పనిచేసిన సినిమాల పేర్లు, నెలలు రాసిపెట్టండి. ఎదుటి వాళ్ల బీరువా పగలగొట్టి వెతకక్కర్లేదు. వాళ్ల ఖాతా ఏ బ్యాంకులో ఉంది, ఏ నిర్మాణ సంస్థలకు పనిచేశారు అన్నది చెప్పగలిగితే చాలు. మిగతాది కోర్టు ద్వారా తెప్పించమని లాయరు అడుగుతారు.

ఇల్లు, పొలం ఉంటే దస్తావేజు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పట్టాదారు పాసుపుస్తకం, లోన్ కాగితాలు కావాలి. మన దేశంలో విడాకులైతే ఆస్తి దానంతటదే చెరిసగం కాదు. కాబట్టి ఎవరి పేరున ఉంది, డబ్బు ఎవరు కట్టారు అన్న రుజువు విలువైనది. స్త్రీధనం పూర్తిగా భార్యదే. పుట్టింటివాళ్లు పెట్టిన నగల బిల్లులు, అవి కనిపించే పెళ్లి ఫొటోలు వేరే కవరులో ఉంచండి.

వాట్సాప్ మెసేజీలు స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోవద్దు. అవి ఉన్న ఫోన్‌ను పారేయకుండా, ఫార్మాట్ చేయకుండా దాచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి వాటికి సర్టిఫికెట్ జత చెయ్యాలి.

అసలు కాగితాలు చూపించి, జిరాక్సులే ఇచ్చి రండి. పేపర్లకెక్కుతుందన్న భయం సినిమావాళ్లకు ఎక్కువే గానీ, హిందూ వివాహ చట్టం కింద విచారణ మూసిన గదిలో సాగుతుంది. కోర్టు అనుమతి లేకుండా ఆ వివరాలు అచ్చు వెయ్యకూడదు. ఫీజు కట్టలేని మహిళలు న్యాయసేవాధికార సంస్థను 15100 నంబరులో అడగొచ్చు. వాళ్లకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది.

మీకు నష్టం చేసే ఉత్తరమో, మెసేజో ఉంటే దాన్నీ ఫైల్లో పెట్టండి. లాయరుతో చెప్పిన మాటకు చట్టం రక్షణ ఉంది. ఎదుటి పక్షం కోర్టులో బయటపెట్టినప్పుడు దాన్ని మీ లాయరు మొదటిసారి చూడకూడదు.