అక్షరాలకు తాళం

ఠాణే జిల్లాలోని భివండీ మరమగ్గాల పట్టణం. తెలంగాణ నుండి ఎన్నో నేత కుటుంబాలు బతుకుతెరువు కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఊరు విడిచి వచ్చినవారికి కాగితమే ఆధారం. రేషను కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, సొంతూరి పొలం పాసుపుస్తకం - వీటిలో ఏది పోయినా కార్యాలయాల చుట్టూ తిరగక తప్పదు. అందుకే పెద్దలు వాటిని ఇనుప పెట్టెలో దాచి తాళం వేసేవారు.

నేడు ఆ పత్రాల ప్రతులు ఫోనులోను, కంప్యూటరులోను, పెన్ డ్రైవులోను ఉంటున్నాయి. భారత ప్రభుత్వం 2015లో డిజిలాకర్ సదుపాయాన్ని కల్పించింది. వానకు తడిసే భయం తగ్గింది. కాని కొత్త ప్రమాదం వచ్చింది. వేలెడంత పెన్ డ్రైవు జేబులోంచి జారిపోతే, దొరికినవాడు ఇంటిల్లిపాది వివరాలూ చదవగలడు. వాటితో మోసాలకు పాల్పడగలడు.

కంప్యూటరు తెరవడానికి సంకేతపదం ఉందికదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది వీధి తలుపు గడియ వంటిది. లోపలి డిస్కును ఊడదీసి మరో కంప్యూటరుకు తగిలిస్తే గడియతో పని ఉండదు. కనుక పత్రాన్నే చదవరాని రూపంలోకి మార్చాలి. దీనినే గుప్తీకరణ లేక ఎన్‌క్రిప్షన్ అంటారు.

ఈ విద్య కొత్తది కాదు. మన పూర్వులు చెప్పిన అరవైనాలుగు కళలలో మ్లేచ్ఛిత వికల్పం అనే రహస్య లేఖనం ఒకటి. రోమను సేనాని జూలియస్ సీజర్ ప్రతి అక్షరానికి బదులు దాని తరువాతి మూడవ అక్షరాన్ని వాడేవాడు. తెలుగు వర్ణమాలలో ప్రతి హల్లును ఒక స్థానం ముందుకు జరిపితే 'నగదు' అనే మాట 'పఘధు' అవుతుంది. ఎన్ని స్థానాలు జరపాలో చెప్పే సంఖ్యే దీనికి తాళంచెవి. హల్లులు నలభైకి లోపే గనుక ఒక్కొక్క సంఖ్యనే ప్రయత్నిస్తే గుట్టు బయటపడుతుంది.

కంప్యూటరు పద్ధతి ఇంతకంటె ఎంతో గట్టిది. బెల్జియం శాస్త్రవేత్తలు జోన్ డేమెన్, విన్సెంట్ రేమెన్ రూపొందించిన ఏఈఎస్ పద్ధతిని 2001లో అమెరికా ప్రమాణంగా స్వీకరించింది. ఇందులో సమాచారాన్ని చిన్న గళ్లుగా పేర్చి, పడుగుపేకల వలె అడ్డువరుసలను జరుపుతూ, నిలువువరుసలను కలుపుతూ, ప్రతిసారీ తాళంచెవిని అందులో చేర్చుతారు. 256 బిట్ల తాళంచెవితో ఈ పని 14 సార్లు జరుగుతుంది. అటువంటి తాళంచెవులు ఎన్ని ఉండగలవో రాస్తే 78 అంకెల సంఖ్య వస్తుంది. పద్ధతి లోకమంతటికీ తెలుసు. తాళంచెవి మాత్రమే రహస్యం.

అందుచేత సంకేతపదం విషయంలో జాగ్రత్త అవసరం. పుట్టినరోజు, ఫోను నంబరు ఎవరైనా ఊహించగలరు. సంబంధంలేని నాలుగైదు మాటలు కలిపితే ఊహించడం కష్టం. ఆ కాగితాన్ని పెన్ డ్రైవుతోపాటు ఉంచరాదు. సంకేతపదం మరచిపోతే యజమానికైనా పత్రం దక్కదు. డిస్కు చెడిపోతే గుప్తీకరణ కాపాడలేదు. కనుక మరొకచోట ఇంకొక ప్రతి ఉండాలి.

2017లో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఇదే విద్యతో ఇతరుల పత్రాలకు తాళం వేసి డబ్బు అడిగింది. విద్య ఒక్కటే, దాని ఫలితం వాడేవారి బుద్ధినిబట్టి ఉంటుంది. కష్టపడి సంపాదించిన దానిని కాపాడుకోవడం కూడా కష్టార్జితంలో భాగమే.

అభ్యాసం: పై పద్ధతిలో రాసిన 'ఖూవి' అనే మాటను విప్పండి.