అమ్మదలచిన యింటికి ముఖశోభ

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత నెఱుగని తెలుగు ఇల్లాలు లేదు. ఇల్లమ్మి చూడుమని మాత్రము పెద్దలెవ్వరును చెప్పలేదు. వారి కాలమున ఇల్లమ్ముట యనగా అప్పులపాలగుటయే. అట్టి మాట ఇరుగుపొరుగుల చెవిని పడకుండ దాచుకొనెడివారు. ఇప్పటి స్థితి వేఱు. పిల్లలు బెంగుళూరికో డల్లాసునకో తరలిపోయిన పిమ్మట, దంపతులలో నొకరు కాలము చేయగా మిగిలిన వారు, తఱచుగా స్త్రీయే, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక కట్టుకొన్న యింటినమ్మి చిన్న వసతికి పోదలచుట వింత కాదు. ఆ యింటి వెలయే ఆమె మిగిలిన జీవితమునకు ఆధారము. కావున అమ్మకమునకు ముందు ఇంటి వెలుపలి భాగమును ఎంతవఱకు బాగుచేయవలెను, ఎచ్చట చేయి నిలుపవలెను అను ప్రశ్న చిన్నది కాదు.

ఈ ప్రశ్న సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములయందు వినబడినంతగా వేఱొకచోట వినబడదేమో. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము 1960ల దశకమున వెలసినది. పటాన్‌చెరులో 1972వ సంవత్సరమున ఇక్రిశాట్ అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ స్థాపింపబడినది. ఆ దశకముననే పారిశ్రామిక వాడయు పెరిగినది. 1984లో ఎద్దుమైలారమున రక్షణశాఖవారి ఆయుధ కర్మాగారము వచ్చినది. ఈ కొలువులలో జేరిన సంసారులు సొసైటీల మూలముగను, పంచాయితీ లేఔట్లలోను స్థలములు కొని, భవిష్యనిధినుండి అప్పు తీసి, సెలవు దినములలో ఇటుకలు లెక్కించుకొనుచు కట్టిన యిండ్లు నేడు నలుబది యేండ్ల ప్రాయమున నున్నవి. ఇంతలో కందిలో ఐఐటీ వెలసినది, వెలుపలి వలయ రహదారి వచ్చినది, 2016లో సంగారెడ్డి తన పేరుతోనే జిల్లా యైనది. ఒకప్పుడు కందిచేలుగా నున్న చోట్ల గజము లెక్కన బేరములు జరుగుచున్నవి.

ఆ నాటి యిండ్ల ముఖమెట్లుండునో చదువరులకు వర్ణింప నక్కఱలేదు. ముందర ఇఱుకైన వరండా, దానికి ఇనుప గ్రిల్లు, మెట్ల ప్రక్కను గాలి వచ్చుటకు సిమెంటు జాలీ, కిటికీలపై దళసరి సజ్జలు, పిట్టగోడ మీద కట్టిన సంవత్సరపు టంకెలు, ఆకుపచ్చ గేటు, వాకిట తులసికోట, నాపరాళ్ళు పఱచిన ముంగిలి. గోడకు మొదట సున్నము, దానిమీద స్నోసెము, దానిమీద ఏదో పెండ్లికి వేసిన గులాబిరంగు. వీనిలో సగము చెడ్డవి కావు, కొన్ని నేటి వానికంటె మేలైనవి. ఆ సజ్జ పడమటి యెండనాపును, ఆ జాలీ కరెంటు ఖర్చు లేకయే గాలినిచ్చును. పాతబడినదంతయు పనికిరానిదని తలచుట మాకు సమ్మతము కాదు.

మేస్త్రిని పిలుచుటకు ముందు ఇల్లాలు విచారింపవలసిన దొకటి కలదు. కొనువాడు ఇంటిని కొనుచున్నాడా, నేలను కొనుచున్నాడా? రహదారికి దగ్గఱగా, వెడల్పైన వీథిలో, రెండు మూడువందల గజములలో నున్న పాత యింటిని కొనువారిలో ననేకులు దానిని కూల్చి అంతస్తులు లేపువారే. వారికి గోడ రంగుతో నిమిత్తము లేదు. అట్టి చోట లక్షలు పెట్టి ముఖము దిద్దుట బూడిదలో పోసిన పన్నీరే. గడ్డి కోయించి, చెత్త తీయించి, హద్దురాళ్ళు కనబడునట్లు చేసి, కాగితములు సరిచూచుకొనిన చాలును. లోపలి కాలనీలలోని చిన్న యిండ్లను మాత్రము కాపురముండుటకే కొందురు. ఇచట మొదటిచూపు వెలయిచ్చును. కావున ఆ వీథిలో గడచిన రెండేండ్లలో అమ్ముడైన యిండ్లేమైనవో నడచి చూచి రండు. ఆ నడకకు ఖర్చు లేదు.

ఇక గోడల మాట. ఈ నేల స్వభావమును మఱచి గోడను బాగుచేయరాదు. ఇక్రిశాట్ వారి క్షేత్రమున నల్లరేగడియు ఎఱ్ఱచెల్కయు రెండును కలవు. చుట్టుపట్ల గ్రామముల నేలయు నట్టిదే. ఎఱ్ఱనేల మీది యిల్లు చాలవఱకు నెమ్మదిగా నుండును. నల్లరేగడి యట్లు కాదు. ఏటికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన కురియు ఈ ప్రాంతమున, అందులో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వఱకే పడుటచే, ఆ నేల వానకుబ్బును, వేసవిలో కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. పునాది లోతు చాలని యిల్లు దానితోబాటు లేచుచు దిగుచుండును. కిటికీ మూలలనుండి ఏటవాలుగా పాకు బీటలట్లు పుట్టినవే.

రామచంద్రాపురమున మేమెఱిగిన యొక గృహిణి యింట అట్టి బీట యొకటి యుండెను. చూడవచ్చిన మేస్త్రి దానిని వ్రేలితో గీచి, "గిదేముందమ్మా! లప్పం పెట్టి రంగేస్తే ఏం కనవడదు" అనెను. "వానకాలమొస్తే మళ్ళ తెర్వదా అది?" అని యామె యడిగెను. "తెరుస్తది గానీ, అప్పటికి ఇల్లు మీది కాదు గదమ్మా!" అని యతడు నవ్వెను. అతడు దుర్మార్గుడు కాడు. అందఱును చేయుచున్నదే చెప్పినాడు. ఆమె మాత్రము నవ్వలేదు. కొనవచ్చిన వారు ఇద్దఱు చిన్నపిల్లలు గల సంసారులు, బ్యాంకు అప్పుతో కొనుచున్నవారు. ఆమెయు నలుబది యేండ్ల క్రిందట అట్లే అప్పుచేసి కట్టినది.

చట్టము ఆమె పక్షముననే యున్నది. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 55వ విభాగమున, తాను ఎఱిగియు, కొనువాడు సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టజాలని ముఖ్యమైన లోపమును అమ్మువాడు తెలియజేయవలెనని యున్నది. వేఱు ఒప్పందము లేనపుడు అట్లు చెప్పక విడుచుట మోసముగా నెంచబడును. గోడ పైకి కనబడు బీటను కొనువాడు చూచుకొనవలసినదే. దానిని లప్పముతో పూడ్చి రంగుతో కప్పిన పిదప అది కనిపెట్టజాలని లోపమగును. అనగా దాచుటకు పెట్టిన ఖర్చే అమ్మువారిని చిక్కులలో పెట్టునన్నమాట.

బీటలన్నియు భయంకరములు కావు. వెండ్రుకవలె సన్నగా సాలెగూడువలె నల్లుకొన్నవి గిలాబులోనివే. గీచి పూడ్చిన చాలును. బీట లోపలి గోడను గూడ కనబడుచున్నదా, ఒక కొనను వెడల్పై వేఱొక కొనను సన్నగిల్లుచున్నదా, తలుపులు బిగుసుకొనుచున్నవా అని చూడవలెను. అనుమానమున్నచో బీటకు అడ్డముగా సన్నని గాజుపలక నొకదానిని గట్టిగా నతికి, తేదీ వ్రాసి యుంచుడు. గోడ కదలిన నది పగులును. ఒక వానకాలమును ఒక వేసవియు గడచినను పగులకున్న మంచిదే. అంత యోపిక లేనివారు నిర్మాణ యింజనీరుచే చూపించి, ఆయన వ్రాసియిచ్చిన కాగితమును కొనువారికి చూపవచ్చును. ఆ కాగితము ఏ రంగుకంటెను ఎక్కువ నమ్మకము కలిగించునని మా తలంపు.

నీటి సంగతి తర్వాతిది గాని తక్కువది కాదు. పాత గోడలపై కనబడు నల్లని చారలు రంగు తప్పుచే వచ్చినవి కావు, సజ్జ యడుగు వెంట నీరు గోడకు ప్రాకుటచే వచ్చినవి. సజ్జ యడుగున అంచునకు అంగుళము రెండంగుళముల లోపల సన్నని గాడి తీయించిన నీరచట తెగి క్రింద పడును. ఒక్క పూట పని. దీనిని విడిచి చారలమీద రంగు వేయించిన మఱుసటి శ్రావణమునకు మఱల చారలే. అట్లే ఇంటి చుట్టు మూడడుగుల వెడల్పున, వెలుపలికి వాలుగా, రాతితోగాని కాంక్రీటుతోగాని పట్టీ వేయించిన వాననీరు పునాది ప్రక్కన నిలువదు. నల్లరేగడి మీది యింటికి ఇది శోభయు రక్షయు గూడ. గోడ యడుగున తెల్లని యుప్పుపొడి రాలుచున్న చోట దానిని పొడి కుంచెతో దులిపి, చెమ్మ యెక్కడిదో కనిపెట్టి యాపక పూత పూయరాదు, పూసినను నిలువదు.

రంగునకు ముందు గీకుడు పని కలదు. పొరలుగా లేచుచున్న పాత సున్నము మీద నేటి ఎమల్షను రంగు పట్టదు. పొరతో గూడ ఊడిపడును. ఇచట తల్లులు గమనింపవలసిన విషయమొకటి యున్నది. గేట్లకును గ్రిల్లులకును కిటికీ చువ్వలకును పూర్వము వేసిన నూనె రంగులలో సీసము కలుపుచుండిరి. గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదని మనదేశమున 2016లో నియమము చేయబడి, 2017 నవంబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. అంతకుముందటి రంగును పొడిగా నూకుకాగితముతో రుద్దించిన ఆ ధూళి గర్భిణులకును పసిపిల్లలకును మిక్కిలి కీడు చేయును. తడిపి రుద్దించవలెను, రాలినది గుడ్డపై పట్టి పాఱవేయించవలెను, పని ముగియువఱకు పిల్లలను ఆ వైపునకు రానీయరాదు. రుద్దువానికిని ముక్కునకు కట్టుకొన నిండు. అతనికిని ఇంట బిడ్డలుందురు.

కొత్తగా గిలాబు చేసిన చోట వారము పది దినములు తడిపి, నెల దినములైన ఆరనిచ్చి రంగు వేయించుట మేలు. దసరా నాటికి వానలు వెనుకపట్టును. అప్పటినుండి ఫాల్గుణము వఱకు మంచి కాలము. లెక్క తెలియనివారిని రంగులవారు త్రిప్పలు పెట్టుదురు గాన ఒక యుదాహరణము చెప్పెదము. ముప్పది అడుగుల వెడల్పు, నలుబది అడుగుల పొడవు గల ఒంటి అంతస్తు ఇంటి చుట్టుకొలత 140 అడుగులు. పీఠము మొదలు పిట్టగోడ వఱకు ఎత్తు 14 అడుగులైన, గోడల వైశాల్యము 1,960 చదరపు అడుగులు. రెండు పూతలకు లీటరునకు 50 మొదలు 60 చదరపు అడుగులు వచ్చునని యెంచిన, 33 మొదలు 40 లీటర్ల వఱకు కావలెను. నూఱు లీటర్లు వ్రాసి తెచ్చినవానిని కారణ మడుగుడు.

రంగు ఏది? పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతమును 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కలుషిత ప్రదేశములలో నొకటిగా నెంచినది. కర్మాగారముల మసియు లారీల దుమ్మును గల వీథులలో మల్లెపూవువంటి తెలుపు ఆఱునెలలు నిలువదు. లేత గంధపు రంగు, ఇసుక రంగు మురికిని దాచును, ఎండను గూడ కొంత త్రిప్పికొట్టును. ముదురు బూడిదరంగు నేటి వేడుక. పడమటి గోడకు వేసిన ఆ గదిలో వేసవి సాయంకాలము కూర్చుండుట దుస్సాధ్యము. ముందరి గోడకు మెఱుగుపలకలతికించుట, సజ్జలు కొట్టివేసి గాజుతలుపులు పెట్టుట మాకు నచ్చవు. అమెరికానుండి కుమారులు చిత్రములు పంపి యిట్లు చేయింపుమందురు. అచట చలి యొక సమస్య, ఇచట ఎండ. పైగా మీ రుచి కొనువారికి రుచింపవలెనను నియమము లేదు. వారు దానిని పెఱికించి తమ రుచిని పెట్టుకొందురు, మీ పైకము మీకు రాదు.

తక్కువ ఖర్చుతో ఎక్కువ కనబడునది గేటు. తుప్పు గీకించి, ఇనుపపూత వేయించి, చప్పుడు లేకుండ తెఱచునట్లు కీలులకు చమురు పెట్టించుడు. టేకు తలుపునకు రంగు వేయక, నూనెపట్టించి దాని నరములు కనబడనిండు. నాపరాళ్ళను తీయించి టైల్సు వేయింపవద్దు. కడిగించి సందులు పూడ్పించిన అవే మెఱయును. ముందరి మోరీపై పేరిన చెత్తను తీయించుడు. సున్నమునకును రంగునకును పురపాలకుల యనుమతి సాధారణముగా నక్కఱలేదు గాని, వరండాను ముందుకు జరుపుట, మెట్లను వీథిలోనికి దింపుట అట్లు కాదు; అనుమతి లేని భాగము బేరము చెడగొట్టును. తులసికోటను మాత్రము ముట్టుకొనకుడు. మొక్కను కుండీలో నాటి వెంటబెట్టుకొని పోవువారిని చూచితిమి. కోట వచ్చిన యిల్లాలికి విడుచుట మర్యాద.

చివరగా చిట్టా మాట. ప్రతి ఖర్చునకును రసీదు, బ్యాంకు ద్వారా చెల్లింపు ఉండవలెను. 2024 జూలై 23వ తేదీనుండి జరుగు అమ్మకములపై దీర్ఘకాలిక లాభమునకు 12.5 శాతము పన్ను ఏర్పడినది. అంతకుముందే సంపాదించిన యింటికి, మనదేశ నివాసులైన వ్యక్తులు ధరల పెరుగుదలను లెక్కగట్టుకొని 20 శాతము లెక్కన వచ్చు పన్నుతో పోల్చి, తక్కువైనది చెల్లింపవచ్చును. కొత్తగా కట్టిన ప్రహరి, వేయించిన కాంక్రీటు పట్టీ వంటివి ఇంటిని వృద్ధిచేసిన ఖర్చులుగా లాభమునుండి తీసివేయుటకు వీలుండును. సున్నము, రంగు, చిన్న మరమ్మతులు అందు చేరవు. 2001 ఏప్రిల్ 1వ తేదీకి ముందు సంపాదించిన యింటికి ఆ నాటి ధరను మూలముగా తీసికొనవచ్చును గనుక, ఆ ధరను మదింపుదారుచే ముందే వ్రాయించి, ఇంజనీరు కాగితముతోను గాజుపలక తేదీతోను కలిపి ఒకే సంచిలో భద్రపఱచుకొని, బయానా పుచ్చుకొను దినమున బల్లమీద పెట్టుడు.