నిజమైన మాట తప్పు జవాబు ఎందుకవుతుంది?

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షలో మెంటల్ ఎబిలిటీకే 90 ప్రశ్నలు. అలాంటి పరీక్షల్లో నిజమైన మాట కూడా తప్పు జవాబు కావచ్చు. ఎలా? నందికొండ దగ్గరి నాగార్జునసాగర్‌నే తీసుకుందాం.

“జలాశయం నిండి, పైనుంచి వరద కూడా వస్తుంటే క్రస్ట్ గేట్లు ఎత్తుతారు. ఇవాళ గేట్లు ఎత్తలేదు.” దీన్నిబట్టి కచ్చితంగా చెప్పగలిగేది ఏది?

ఎ) డ్యామ్‌కు 26 క్రస్ట్ గేట్లున్నాయి.
బి) జలాశయం నిండలేదు.
సి) జలాశయం నిండి ఉండటం, వరద రావటం రెండూ కలిసి లేవు.

‘ఎ’ నిజమే. కానీ ఇచ్చిన మాటల్లో గేట్ల లెక్క లేదు, కొట్టేయండి.

అసలు చిక్కు ‘బి’ దగ్గరే. చాలా సబబుగా కనిపిస్తుంది. అందుకే దాన్ని అబద్ధం చేసి చూడాలి. నీళ్లు 590 అడుగుల పూర్తి మట్టానికి చేరాయి, వరద మాత్రం ఆగిపోయింది అనుకోండి. గేట్లు ఎత్తకపోయినా ప్రశ్నలోని మాటేదీ తప్పలేదు, ‘బి’ మాత్రం తప్పింది. అంటే ‘బి’ జరగొచ్చు, జరిగి తీరాలని లేదు.

‘సి’నీ అలాగే అబద్ధం చేయండి. జలాశయం నిండింది, వరదా వస్తోంది. అప్పుడు గేట్లు ఎత్తాల్సిందే, ప్రశ్నేమో ఎత్తలేదంటోంది. పొసగదు. కాబట్టి జవాబు ‘సి’.