ఒకే బిడ్డ... రెండు చీటీలు... ఏ అంకె నిజం?

వరంగల్: పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట పల్లెల నుంచి పురిటికి వరంగల్, హనుమకొండ వచ్చిన తల్లులకు ఎప్పుడెప్పుడు ఇల్లు చేరుదామా అనే ఉంటుంది. ఆ తొందరలో బిడ్డ మడమ పొడిచి అద్దుడు కాగితం మీద నెత్తుటి చుక్కలు తీస్తామంటే నాయనమ్మలు కసురుకుంటారు. కాని బిడ్డ తెలివి ఆ చుక్కల మీదే ఆధారపడి ఉండవచ్చు.

గొంతులోని థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే పనిచేయకపోతే మెదడు ఎదగదు. మొదట్లో పైకేమీ కనిపించదు. బిడ్డ ఏడవదు, ఎప్పుడూ నిద్రే. ‘ఎంత బుద్ధిమంతుడో’ అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు! హైదరాబాద్‌తో సహా 5 నగరాల్లో 2007 నుంచి భారత వైద్య పరిశోధన మండలి లక్షమందికి పైగా శిశువులను పరీక్షించగా 1,130 మందిలో ఒకరికి ఈ లోపం తేలింది.

గ్రంథి మొరాయిస్తే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి దాన్ని తట్టిలేపడానికి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. ల్యాబుల్లో కొలిచేది దీన్నే. 1970 దశకంలో రేడియోధార్మిక అయోడిన్‌తో కొలిచేవారు. తరువాత రంగు మారే ఎలిసా, వెలుగు చిమ్మే పద్ధతులు వచ్చాయి.

తికమక ఇక్కడే. కాగితం మీది చుక్కలో రక్తకణాలు కూడా ఉంటాయి. నరం నుంచి తీసిన రక్తంలో పైకి తేరిన సీరంను మాత్రమే కొలుస్తారు. అందుకే కాగితం మీద 10 వస్తే సీరంలో సుమారు 22 అవుతుంది. రెండూ నిజమే. పైగా పుట్టిన మొదటి రోజు ఈ హార్మోన్ ప్రతి బిడ్డలోనూ ఎగబాకుతుంది. 48 గంటలు దాటాక తీసిన చుక్కే నమ్మదగినది. ఏ గంటకు తీశారో, దేనిలో కొలిచారో రాయని చీటీ భయపెట్టడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథి పరీక్షలో చిక్కు మరొకటి. నెలలు నిండని బిడ్డల్లో ఎలిసా గాలానికి అసలు హార్మోన్‌తో పాటు దాన్ని పోలినవీ తగులుకుని అంకె పెరుగుతుంది. అణువులను తూకం వేసి విడదీసే మాస్ స్పెక్ట్రోమీటర్ ఈ పొరపాటును చాలావరకు తప్పిస్తుంది. యంత్రం ఖరీదు మాత్రం ఎక్కువే.

థైరాయిడ్ లోపం ఖాయమైతే థైరాక్సిన్ మాత్రను తల్లిపాలలో నలిపి రోజూ పట్టాలి. రెండు వారాల్లోపే మొదలుపెట్టాలి. ‘మళ్లీ నెత్తురు తీయాలి, రండి’ అని ఆసుపత్రి నుంచి కబురొస్తే 21వ రోజు వేడుక అయ్యాక వెళ్దామని ఆగరాదు.