పెరటిలో పుట్టతేనె

“శాస్త్రిగారూ, మీరు వ్రాసిచ్చిన త్రికటు చూర్ణం దొరికింది గాని, నమ్మదగిన తేనె ఎక్కడ దొరుకుతుంది?” అని నా వద్దకు వచ్చే గృహస్థులు తరచు అడుగుతుంటారు. ఈ ప్రశ్న చిన్నది కాదు. మన శాస్త్రం తేనెను యోగవాహి అన్నది. అనగా తనతో కలిపిన ఔషధపు గుణాన్ని మోసుకొనిపోయేది. ఆ తేనెలోనే చక్కెర పాకం కలిస్తే చూర్ణం ఎంత శ్రేష్ఠమైనా ఫలమేమి? 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ పరీక్షింపజేసిన 13 బ్రాండ్లలో అన్ని పరీక్షలకూ నిలిచినవి మూడే. అందుచేత పెరడూ, చుట్టుపక్కల నాలుగు చెట్లూ ఉన్నవారికి నేనొక ఉపాయం చెబుతుంటాను: ఇల్లు వెదుకుతూ పోయే తేనెటీగల గుంపుకు ఇల్లు చూపి నిలుపుకొనడం.

సుశ్రుతుడు తేనెను ఎనిమిది విధాలుగా చెప్పాడు. అందులో ఔద్దాలకమనేది పుట్టలలో నివసించే కపిలవర్ణపు చిన్న ఈగలు కూర్చేదని భావప్రకాశం వివరిస్తుంది. మనం పుట్టతేనె అనేది ఇదేనని నా అభిప్రాయం. ఈ ఈగ పుట్టలలోను, చెట్టు తొర్రలలోను చీకటిలో ప్రక్కప్రక్కగా అనేక పట్టులు పెడుతుంది. కనుక పెట్టెలో ఒదుగుతుంది. కొండతేనెటీగ, విసనకర్ర తేనెటీగ ఆరుబయట ఒక్కటే పట్టు పెడతాయి. వానిని పెట్టెలోకి రప్పించబూనడం వృథా. కొండతేనెటీగ విషయంలో ప్రాణాపాయం కూడ.

పూలు సమృద్ధిగా ఉన్న రోజులలో గూడు ఇరుకైతే పాత రాణి సుమారు సగం పరివారంతో లేచిపోతుంది. మా వైపు వేప, కానుగ పూచే కాలం ఇందుకు అనువైనది. గుంపు ఏదో కొమ్మకు గుత్తిగా వ్రేలాడుతుండగా కొన్ని ఈగలు ఇల్లు చూడబోతాయి. తిరిగివచ్చి ఆ గుత్తిమీదనే నృత్యం చేసి, చూచిన చోటును తక్కినవానికి తెలుపుతాయి. కాబట్టి గుంపు వచ్చిన తరువాత పెట్టె కోసం పరుగెత్తితే లాభం లేదు.

మా గురువుగారు గోశాల చూరు క్రింద పాత కుండలు కట్టించేవారు. కుండలోకి ఈగలు వస్తాయి గాని, తేనె తీయాలంటే పట్టు కోయక తప్పదు. చట్రాల పెట్టె మేలు. 1911-17 నడుమ తిరుచిరాపల్లి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ మన ఈగకు తగినట్లు ఒకటి రూపొందించాడు. కొత్త చెక్క వాసన పోయేదాక ఎండబెట్టండి. లోపల రంగు వేయకండి. చట్రాలకు కరిగించిన మైనం పూయండి, ఆ వాసనకే ఈగలు ఆకర్షింపబడతాయి. ఎవరి గూటిదో తెలియని పాత పట్టు మాత్రం పెట్టకండి. 1991-92లో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాదిన లెక్కలేనన్ని పెట్టెలను ఖాళీ చేసింది. పెట్టెను నీడలో, నడుమెత్తు బల్లపై ఉంచి, బల్ల కాళ్ళ క్రింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు.

రప్పించడం కంటె నిలుపుకొనడం కష్టం. పుట్టతేనెటీగ అలిగే స్వభావం కలది. ఆకలి, ఎండ, చీమలు, మైనపు పురుగు, మాటిమాటికి మూత తెరిచే యజమాని – వీనిలో ఏదైనా చాలు, ఒక ఉదయం పెట్టె శూన్యమవుతుంది. వచ్చిన మొదటి వారం ముట్టుకొనవద్దు. పట్టు కట్టి, రాణి గుడ్లు పెట్టి, పిల్లలు ఏర్పడితే అంత తేలికగా విడిచిపోవు. వానాకాలంలో పూలు తగ్గుతాయి. చాలామంది వేసవిలో ఉన్నదంతా పిండుకొని, ఆషాఢంలో ఈగలు పోయాయని విచారిస్తారు. క్రింది గదిలోని తేనె ఈగలది, పై గదిలోనిదే మనది. అవసరమైతే వానలలో పంచదార, నీళ్ళు సమంగా కలిపి లోపల పెట్టండి. ఆ రోజులలో తేనె తీస్తే అది తేనె కాదు, అంగడి సరుకు వంటిదే.

మైనపు మూత పడిన గదుల తేనె మాత్రమే పక్వమైనది. మూత పడనిది పులుస్తుంది. పట్టును చేతితో పిండక యంత్రంలో తిప్పి తీస్తే పిల్లలు నలగవు, పట్టు తిరిగి ఈగలకు ఉపయోగిస్తుంది. ఈగ కుడితే ముల్లును వెంటనే గోటితో గీకివేయాలి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా గృహవైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకొనిపోండి.

తేనెను వేడి చేయరాదు. ఏడాది నిండని పసిబిడ్డకు నాకించరాదు. మధుమేహులు వైద్యుని అడగక వాడరాదు. కొత్త తేనె పుష్టినిస్తుంది. ఏడాది దాటిన పాత తేనె కఫాన్ని, కొవ్వును హరిస్తుందని శాస్త్రం. కనుక గాజు సీసాలో పోసి, తీసిన నెల, సంవత్సరం చీటీపై వ్రాసి అంటించండి.