పశువులపై పిడుదులు: సురక్షితంగా తొలగించే విధానం, నివారణ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో వర్షాధార పంట చేతికి రాని ఏడాది చిన్న రైతు కుటుంబాన్ని ఆదుకొనేది పాడి. పొట్టి పుంగనూరు ఆవులకు పుట్టినిల్లయిన ఈ ప్రాంతంలో నేడు పాల కోసం హోల్‌స్టీన్, జెర్సీ సంకరజాతి ఆవులను ఎక్కువగా పోషిస్తున్నారు. నాటు పశువులతో పోలిస్తే ఇవి పిడుదులకు, అవి మోసుకొచ్చే వ్యాధులకు సులువుగా లోనవుతాయి. ఒక్క ఆవు చనిపోయినా ఆ కుటుంబ ఆదాయం నిలిచిపోతుంది. కనుక గోమార్లు అని కూడా పిలిచే ఈ పిడుదుల విషయంలో అశ్రద్ధ తగదు.

పిడుదుల వలన కలిగే నష్టం

పిడుదులు ఎనిమిది కాళ్ళు గల సాలీడు వర్గపు జీవులు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు నేలరాలి, గోడల పగుళ్ళలోనో గడ్డి మొదళ్ళలోనో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. రక్తహీనత, పాల దిగుబడి తగ్గుదలతో పాటు థైలేరియోసిస్, బబీసియోసిస్, అనాప్లాస్మోసిస్ వ్యాధులు వీటి ద్వారా సోకుతాయి. థైలేరియోసిస్‌లో తీవ్ర జ్వరం, భుజం ముందున్న శోషరస గ్రంథుల వాపు, బబీసియోసిస్‌లో కాఫీ రంగు మూత్రం ముఖ్య లక్షణాలు.

థైలేరియా క్రిములు పిడుదు లాలాజలంలో పక్వమై పశువులోకి చేరడానికి సాధారణంగా అది కరిచిన తరువాత రెండు, మూడు రోజులు పడుతుంది. అందువలన ప్రతిరోజూ పాలు పితికే ముందు చెవుల లోపల, గంగడోలు, పొదుగు, తొడల మధ్య, తోక కింద పరిశీలించి పిడుదులను తీసివేస్తే వ్యాధి ముప్పు చాలావరకు తగ్గుతుంది.

తొలగించే విధానం

• చేతులకు తొడుగులు ధరించాలి. సన్నని మొన గల పట్టకారుతో పిడుదు తలను చర్మానికి ఆనుకొని పట్టుకోవాలి. పొట్టను పట్టి నొక్కరాదు.
• మెలితిప్పకుండా, ఒక్కసారిగా లాగకుండా, నిలకడగా పైకి లాగాలి.
• నోటి ముక్క చర్మంలో మిగిలి సులువుగా రాకపోతే సూదితో కెలకరాదు.
• కరిచిన చోటును సబ్బునీటితో కడిగి, పోవిడోన్ అయోడిన్ పూయాలి.
• తీసిన పిడుదును సబ్బునీటిలోనో స్పిరిట్‌లోనో వేసి చంపాలి.

బీడీ నిప్పుతో కాల్చడం, కిరోసిన్ పూయడం, గోళ్ళతో చిదమడం మానుకోవాలి. చిదిమినప్పుడు పిడుదు లోపలి ద్రవం చేతి గాయాల ద్వారా మనిషి శరీరంలో చేరవచ్చు. 2011లో గుజరాత్‌లో బయటపడిన క్రిమియన్-కాంగో జ్వరం పిడుదు కాటుతోనే కాక, దానిని చిదమడం వలన కూడా సోకగలదు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో గుర్తించిన క్యాసనూర్ అడవి జ్వరం కూడా పిడుదుల ద్వారా వచ్చేదే. మనుషులను పిడుదు కరిచినా తొలగించే పద్ధతి ఇదే. ఆ తరువాత రెండు వారాలలో జ్వరం, దద్దుర్లు, తీవ్ర తలనొప్పి కనిపిస్తే పిడుదు కరిచిన విషయం వైద్యునికి తప్పక చెప్పాలి.

మందుల పిచికారి

పిడుదులు ఎక్కువగా ఉంటే చేతితో తీయడం చాలదు. పశువైద్యుని సలహాపై 1.25 శాతం డెల్టామెత్రిన్ లేదా 12.5 శాతం అమిట్రాజ్ మందును లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలిపి, చల్లని వేళ ఒళ్ళంతా తడిసేలా పిచికారి చేయాలి. ముందుగా పశువుకు నీరు తాగించాలి. ఆరేవరకు ఒళ్ళు నాకకుండా చూడాలి. మోతాదు తగ్గించి వాడినా, ఏళ్ళ తరబడి ఒకే మందు వాడినా పిడుదులు దానికి తట్టుకుంటాయి. పంటల మీద చల్లే పురుగుమందులను పశువులపై వాడరాదు. మందు వాడిన తరువాత ఎన్ని రోజులు పాలు వాడకూడదో పశువైద్యుని అడిగి తెలుసుకోవాలి.

కొట్టం పరిశుభ్రత

పిడుదులు తమ జీవితంలో ఎక్కువ భాగం పశువుకు వెలుపలే గడుపుతాయి. కొట్టాన్ని వదిలి పశువుకు మాత్రమే మందు కొడితే కొద్ది రోజులకే అవి మళ్ళీ చేరతాయి. గోడల పగుళ్ళు పూడ్చి, సున్నం వేయాలి. పశువులను బయట కట్టి గోడలు, నేల, గాడి చుట్టూ మందు పిచికారి చేయాలి. కొత్తగా పొదిగిన పిల్ల పిడుదుల కోసం రెండు, మూడు వారాల తరువాత పశువైద్యుని సూచన మేరకు మరలా చేయాలి. సంతలో కొన్న పశువును పిడుదులు లేవని నిర్ధారించుకున్నాకే మందలో కలపాలి.

సంకరజాతి దూడలకు మూడు నెలల వయసు దాటాక థైలేరియా టీకా వేయించవచ్చు. జ్వరం, గ్రంథుల వాపు కనిపించిన నాడే 1962 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా దగ్గరలోని పశువైద్యశాలకు తెలపాలి. థైలేరియోసిస్‌కు బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ తొలి దశలోనే బాగా పనిచేస్తుంది. రక్తహీనత ముదిరాక మందు వేసినా ఆవు దక్కడం కష్టం.