భుజం నొప్పికి మూలం పాదాల్లో ఉండవచ్చు
సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లల తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో స్కూలు జట్టు తరఫున సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలున్న ఇళ్ళు మనకు తెలుసు. జట్టులో బంతి విసిరే అమ్మాయిని పిచర్ అంటారు. "చెయ్యి కింది నుంచే కదా విసిరేది, భుజానికి ఏమవుతుంది?" అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. ఈ అపోహను తొలగించడానికే ఈ వ్యాసం రాస్తున్నాము.

పేరులో 'సాఫ్ట్' ఉన్నా ఆ బంతి మెత్తగా ఉండదు. 12 అంగుళాల చుట్టుకొలతతో, క్రికెట్ బంతికన్నా ఎక్కువ బరువుంటుంది. పిచర్ తన చేతిని గాలిమర రెక్కలా గుండ్రంగా తిప్పి, తుంటి పక్కనుంచి బంతిని వదులుతుంది. వదిలే క్షణంలో చేతిని భుజం కీలులోంచి బయటికి లాగే బలం దాదాపు ఆమె శరీర బరువుకు చేరువగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. ఆ లాగుడును ఆపే పనిలో భుజం ముందుభాగపు కండరం ఎంతో శ్రమపడుతుంది. అందుకే నొప్పి ఎక్కువగా భుజం ముందు వైపే కనిపిస్తుంది.

పిల్లల ఎముకల చివర ఎదుగుదల పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. గట్టి ఎముక కన్నా అది బలహీనం. పదే పదే లాగుడు పడితే ముందుగా దెబ్బ తినేది అదే.

సాధారణంగా కనిపించే లోపాలు

బంతికి వేగం రావలసింది కాళ్ళ నుంచి, తుంటి నుంచి. అక్కడ లోటు పడితే ఆ పని భుజం మీద పడుతుంది. కుడిచేతి వాటం అమ్మాయిలో ఇవి గమనించండి.

1. అడుగు: కుడి పాదం ముందు నుంచి క్యాచర్ వరకు నేలమీద సుద్దతో ఒక గీత గీయండి. ఎడమ పాదం ఆ గీత మీదగాని, దాని పక్కనేగాని పడాలి. గీత దాటి కుడివైపు పడితే తుంటి చేతికి అడ్డం వస్తుంది. చెయ్యి తొడను చుట్టి రావలసి ఉంటుంది. ఎడమవైపు మరీ దూరంగా పడితే నడుము ముందే తిరిగిపోయి చెయ్యి వెనుకబడుతుంది.

2. నడుము: బంతి వదిలేటప్పుడు నడుము ముందుకు వంగకూడదు. నిటారుగా ఉండాలి.

3. చేతి చుట్టు: పైకి వెళ్ళేటప్పుడు చెవి పక్కగా, కిందికి వచ్చేటప్పుడు తొడ పక్కగా సాగాలి. వీపు వెనక్కు పోకూడదు.

4. మోచెయ్యి: కర్రలా బిగించకూడదు. కొద్దిగా వంచి వదులుగా ఉంచాలి. బంతి వదిలాక చేతిని ఒక్కసారిగా ఆపకుండా సాగిపోనివ్వాలి.

సరిదిద్దే పద్ధతి

నొప్పి ఉండగా విసిరే తీరు మార్చవద్దు. ముందు విశ్రాంతి ఇచ్చి నొప్పి తగ్గనివ్వాలి. తరువాత సెల్‌ఫోనుతో పక్కనుంచి ఒకసారి, క్యాచర్ వెనుక నుంచి ఒకసారి వీడియో తీసి, కోచ్ గారితో కలిసి నెమ్మదిగా చూడండి. ఒకసారికి ఒకే లోపం సరిదిద్దండి. మొదలు అడుగుతోనే. దగ్గర దూరం నుంచి మణికట్టుతో మెల్లగా, తరువాత సగం చుట్టు, చివరకు పూర్తి చుట్టు వేయించండి. వేగం అన్నిటికన్నా చివర. దీనికి కొన్ని వారాలు పట్టవచ్చు. గుంజీలు, ఒంటికాలి మీద నిలబడటం వంటివి కాళ్ళకు, తుంటికి బలమిస్తాయి. డాబా మీద చెప్పులతో విసరవద్దు, బూట్లు తప్పనిసరి.

బంతుల లెక్క

తీరు ఎంత బాగున్నా అతిగా విసిరితే భుజం తట్టుకోదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచర్ యుకికో ఉయెనో 2 రోజుల్లో 3 మ్యాచ్‌లు ఆడి 413 బంతులు విసిరి బంగారు పతకం గెలిపించింది. అప్పటికి ఆమెకు 26 ఏళ్ళు, ఎముకల ఎదుగుదల పూర్తయింది. పిల్లలకు అది ఆదర్శం కాదు. 13, 14 ఏళ్ళ పిల్లలు ఒక మ్యాచ్‌లో 80 బంతులు దాటకూడదని అమెరికాలోని క్రీడావైద్యులు సూచిస్తారు. ఇంటి దగ్గర సాధన చేసే బంతులను కూడా తల్లిదండ్రులు ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే మంచిది. జట్టులో ఇద్దరు ముగ్గురు పిచర్లను తయారు చేయమని పి.ఇ.టి. గారిని కోరండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

విశ్రాంతి ఇచ్చినా వారం పది రోజుల్లో నొప్పి తగ్గకపోతే, రాత్రి నిద్ర లేపితే, వాపు వస్తే, చెయ్యి పైకి లేవకపోతే, వేళ్ళు తిమ్మిరెక్కితే, ముంజేతి ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి పుడితే ఆలస్యం చేయవద్దు. నూనె రాసి లాగించడం, కట్టు కట్టించడం వద్దు. నొప్పి మాత్ర వేసి మైదానానికి పంపడం మరీ ప్రమాదం. మాత్ర నొప్పిని దాస్తుందే గాని గాయాన్ని మాన్పదు. ఎదుగుదల పొర దెబ్బ తింటే సుమారు 3 నెలలు విసరడం ఆపవలసి రావచ్చు. తొలిదశలోనే గుర్తిస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

చివరగా ఒక మాట. జట్టులో చోటు పోతుందన్న భయంతో పిల్లలు నొప్పిని దాచుకుంటారు. "ఈరోజు ఎలా ఆడావు?" అని అడిగే ముందు "చెయ్యి ఎలా ఉందమ్మా?" అని అడగండి. నిజం చెప్పినందుకు కోప్పడకండి.